బెంగళూరు నుంచి వీకెండ్ కార్ ట్రిప్‌లో ఊరి తిండి: తరచుగా అడిగే ప్రశ్నలు

బెంగళూరులో ఉండే మన తెలుగువాళ్ళు వీకెండ్ ట్రిప్ అనగానే ముందు రిసార్ట్ బుక్ చేస్తారు, తర్వాత వ్యూ పాయింట్లు వెతుకుతారు, తిండి సంగతి ఆకలేసినప్పుడు చూసుకుందాంలే అంటారు, చివరికి హైవే పక్కన ఏ ఊళ్ళోనైనా దొరికే పన్నీర్ బటర్ మసాలా, నాన్ తినేసి వచ్చేస్తారు. నేను అందరికీ చెప్పేది దీనికి రివర్స్‌లో ఉంటుంది. ఏ ఊళ్ళో ఏ పూట ఏం తినాలో ముందు రాసుకోండి, రూటు దాన్ని బట్టి వేసుకోండి, గుళ్ళూ కొండలూ దారిలో ఎలాగూ తగుల్తాయి. ఆఫీసులో, అపార్ట్‌మెంట్ గ్రూపులో, చుట్టాల ఫోన్లలో మళ్ళీ మళ్ళీ వచ్చే ప్రశ్నలన్నీ ఇక్కడ ఒకచోట పెట్టాను.

శనివారం పొద్దున బయల్దేరి ఆదివారం రాత్రికి ఇంటికి వచ్చేయాలి. ఎటు వెళ్తే తిండి బాగుంటుంది?

మొదటిసారి అయితే కళ్ళు మూసుకుని మైసూరు రోడ్ పట్టండి. బిడదిలో తట్టె ఇడ్లీ, మద్దూరులో వడ, మండ్య దగ్గర రాగి ముద్ద, మేలుకోటెలో పుళియోగరె, మైసూరులో దోసె, ఇన్ని రకాలు ఇంత దగ్గర దగ్గరగా ఉన్న రోడ్డు బెంగళూరు చుట్టూ ఇంకొకటి లేదు, మొత్తం మైసూరు దాకా 145 కిలోమీటర్లే. ఇంటి తిండి మీద మనసు పోయినవాళ్ళకి ఎన్‌హెచ్ 44 మీద లేపాక్షి, హిందూపురం వైపు, దాని గురించి కింద విడిగా రాశాను. కాఫీ తోటలు కావాలంటే హాసన్ మీదుగా సకలేశపుర గానీ చిక్కమగళూరు గానీ, ఒక రాత్రి ఉంటే సరిపోతుంది కానీ శనివారం చీకటితోనే బయల్దేరాలి. కూర్గ్‌కి మాత్రం రెండు రోజులు చాలవు. మడికేరి 260 కిలోమీటర్ల పైనే, వెళ్ళడానికి ఒక పూట, రావడానికి ఒక పూట పోతే అక్కడ కూర్చుని తినేది ఒక్క డిన్నరే మిగుల్తుంది, సోమవారం సెలవు కలిసొచ్చినప్పుడు పెట్టుకోండి.

కొత్త ఎక్స్‌ప్రెస్‌వే మీద వెళ్తే ఈ హోటళ్ళు కనిపించట్లేదు, ఎందుకని?

2023 మార్చిలో ఓపెన్ చేసిన ఆ 118 కిలోమీటర్ల రోడ్డు బిడది, రామనగర, చన్నపట్న, మద్దూరు, మండ్య, శ్రీరంగపట్న ఊళ్ళన్నిటినీ తప్పించి బైపాస్‌ల మీద పోతుంది. పాత రోడ్డు ఊళ్ళ మధ్యలోంచి వెళ్ళేది కాబట్టి బండి ఆపితే హోటల్, ఇప్పుడు మీరే ఎగ్జిట్ తీసుకుని దిగాలి. గంటన్నరలో మైసూరు చేరొచ్చు అని సంబరపడి మెయిన్ రోడ్డు మీదే పోతే నాన్‌స్టాప్‌గా మైసూరే, దారిలో ఒక్క ఇడ్లీ కూడా ఉండదు. నేనైతే వెళ్ళేటప్పుడు పాత రోడ్డు, సర్వీస్ రోడ్లు పట్టుకుని ఊళ్ళలోంచి వెళ్ళమంటాను, వచ్చేటప్పుడు ఎలాగూ అలిసిపోయి ఉంటారు కాబట్టి ఎక్స్‌ప్రెస్‌వే ఎక్కండి. దాని మీద స్పీడ్ లిమిట్ 100, కెమెరాలు ఉన్నాయి. బైక్‌లని 2023 ఆగస్టు నుంచి మెయిన్ రోడ్డు మీదకి రానివ్వట్లేదు, మీతో బైక్ మీద వచ్చే ఫ్రెండ్స్ ఉంటే వాళ్ళు సర్వీస్ రోడ్డులోనే రావాలి, కలుసుకునే చోటు ముందే అనుకోండి.

తట్టె ఇడ్లీ బిడదిలో తినాలా, తుమకూరు వైపు తినాలా?

మీరు పోయే రోడ్డు ఏదైతే అది. మైసూరు రోడ్డులో బిడది, పుణె హైవే మీద తుమకూరుకి కొంచెం ముందు క్యాత్సంద్ర, రెండూ తట్టె ఇడ్లీకి పేరున్న ఊళ్ళే. ప్లేటంత వెడల్పు, దూదిలా మెత్తగా ఉంటుంది, పైన తెల్ల వెన్న ముద్ద వేసిస్తారు, చట్నీ పల్చగా. ఇద్దరికి మూడు చాలు, ఎందుకంటే ఇంకో గంటలో వడ తినాలి. ఏడున్నర, ఎనిమిది లోపల వెళ్తే అప్పుడే దించిన ఇడ్లీ పడుతుంది, పది దాటితే ఆరిపోయింది పెడతారు, ఆరిన తట్టె ఇడ్లీ గట్టిపడి అసలు దాని గొప్పేంటో తెలీదు.

ఒకటి చూసుకోండి. 2025 ఫిబ్రవరిలో కర్ణాటక ఆరోగ్య శాఖ ఇడ్లీ ప్లేట్లలో ప్లాస్టిక్ షీట్ వేసి ఉడికించడం మంచిది కాదని దాన్ని ఆపించింది. ఇడ్లీ తీసేటప్పుడు తడిగుడ్డ మీంచి తీస్తున్నారా అని వంటింటి వైపు ఓ చూపు చూడండి. చాలా హోటళ్ళలో పొయ్యి ముందే ఉంటుంది, కనిపిస్తుంది.

క్యాత్సంద్ర దాకా వెళ్తే పక్కనే సిద్ధగంగ మఠం. వేలమంది పిల్లలకి ఉచితంగా చదువు, భోజనం పెట్టే చోటు, శివకుమార స్వామీజీ 2019లో పోయేదాకా, 111 ఏళ్ళ వయసులో కూడా, చూసుకున్న దాసోహం, అంటే ఉచిత అన్నదానం, అది. ఇప్పటికీ వచ్చినవాళ్ళకి పెడతారు. పంక్తిలో కూర్చుని ఆ సాదా భోజనం ఒక్కసారి తినండి, నాకు ఆ వైపు ప్రయాణంలో అన్నిటికన్నా ఇష్టమైన భోజనం అదే.

మద్దూరు వడ మన గారెలాంటిదేనా?

కాదు. మినపప్పు ఉండదు, రుబ్బేది ఉండదు. బియ్యప్పిండి, రవ్వ, మైదా, బోలెడు ఉల్లిపాయ, కరివేపాకు, పచ్చిమిర్చి కలిపి, కాగిన నూనె పోసి, అరచేతిలో పల్చగా ఒత్తి వేయిస్తారు. మన చెక్కలకీ ఉల్లి పకోడీకీ మధ్యలో ఉంటుంది, అంచు కరకర, మధ్యలో కాస్త మెత్తన. 1917లో మద్దూరు రైల్వే స్టేషన్‌లో రామచంద్ర బుధ్య అనే ఆయన రైలు ప్రయాణికులకి అమ్మడం మొదలుపెట్టారని చెప్తారు, రైల్లో చేత్తో పట్టుకుని తినాలి, త్వరగా పాడవకూడదు, ఆ లెక్కలోంచి పుట్టింది కాబట్టే ఇది కారు ప్రయాణానికి ఇంత బాగా సరిపోతుంది. వేడిగా ఒకటి అక్కడ తినండి, నాలుగు పొట్లం కట్టించుకోండి, సాయంత్రం మైసూరులో టీతో తింటే ఇంకా బాగానే ఉంటుంది. ప్లాస్టిక్ కవర్‌లో వేడివి వేయించుకోవద్దు, చెమ్మ పట్టి మెత్తబడిపోతాయి, పేపర్ అడగండి.

మండ్య రాగి ముద్ద అంటే మన రాగి సంగటే కదా, దానికోసం అంత దూరం ఎందుకు?

ఈ ప్రశ్న ఎక్కువ అడిగేది అనంతపురం, చిత్తూరు, కడప వాళ్ళు, వాళ్ళకి కొంచెం ఓపిగ్గా చెప్పాలి. మన సంగటిలో అన్నం గానీ నూకలు గానీ ఉడికించి అందులో రాగి పిండి వేసి కెలుకుతాం, నోట్లో మెతుకు తగుల్తుంది. మండ్య, హాసన్, రామనగర వైపు ముద్దలో ఎక్కువగా ఉత్త రాగి పిండే, నున్నగా, మెరుస్తూ ఉంటుంది, వేలితో తుంచి సారులో, అంటే పల్చటి పులుసులో, ముంచి నమలకుండా మింగుతారు. నమిలితే పళ్ళకి అతుక్కుంటుంది, మట్టి తిన్నట్టుంటుంది అని కంప్లైంట్ చేసేవాళ్ళంతా నమిలినవాళ్ళే. చిన్న ముక్క తుంచండి, సారు బాగా పట్టించండి, గుటుక్కున మింగండి, రెండో ముద్దకి అలవాటైపోతుంది.

అసలు తేడా ముద్దలో కంటే పక్కన పెట్టే సారులో ఉంది. నాన్‌వెజ్ తినేవాళ్ళకి నాటి కోడి సారు, కొబ్బరి, ధనియాలు, మిరియాలు, కొత్తిమీర వేసి పల్చగా చేస్తారు, మన నాటుకోడి పులుసంత చిక్కగా ఉండదు, చింతపండు పులుపూ ఉండదు, మొదట వట్టి నీళ్ళలా ఉందే అనిపిస్తుంది, ముద్దతో కలిపాక అది అలా ఎందుకుండాలో అర్థమవుతుంది, చిక్కటి పులుసుతో ఆ ముద్ద గొంతు దిగదు. వెజ్ అయితే బస్సారు అడగండి. ఆకుకూర, పప్పు కలిపి ఉడికించి, ఆ నీళ్ళు వంచి దాంతో సారు కాస్తారు, మిగిలిన ఆకు, పప్పు తాలింపు పెట్టి పల్యం, అంటే పొడికూర, చేస్తారు, ఒకే గిన్నెలోంచి రెండు వంటలు, ఏదీ పారేసేది లేదు. ఉప్పుసారు అని ఇంకోటి ఉంది, ఉడికించిన నీళ్ళలో ఉప్పు మాత్రమే, కారం ముద్ద విడిగా పక్కన పెడతారు, ఎవరికి కావలసినంత వాళ్ళు కలుపుకుంటారు. హోటళ్ళలో ఇది తక్కువ, ఫార్మ్ స్టేలో ముందు రోజే ఫోన్ చేసి అడిగితే చేసి పెడతారు.

టైమింగ్ ముఖ్యం. ముద్ద భోజనం పన్నెండున్నర నుంచి రెండు లోపల, ఆ తర్వాత గట్టిపడిన ముద్దలే మిగుల్తాయి. బోర్డు మీద మిలిటరీ హోటల్ అని ఉంటే అక్కడ మాంసం భోజనం ఉంటుందని లెక్క, ఫ్యామిలీతో వెళ్ళొచ్చు, భయపడక్కర్లేదు.

మాది ప్యూర్ వెజ్, అత్తయ్యగారు ఉల్లి, వెల్లుల్లి కూడా తినరు. మాకేముంటుంది?

మేలుకోటె వెళ్ళండి. రామానుజాచార్యులు చాలా ఏళ్ళు ఉన్న ఊరు, చెలువనారాయణస్వామి గుడి, కొండ మీద యోగ నరసింహస్వామి, ఊరంతా అయ్యంగార్ వంట. పుళియోగరె మన పులిహోరలా పసుపుగా ఉండదు, నల్లగా ఉంటుంది, వేయించిన మసాలా దినుసులు, నువ్వులు, ఎండుకొబ్బరి, బెల్లం చింతపండులో వేసి గొజ్జు కాచి కలుపుతారు, వెల్లుల్లి ఊసే ఉండదు. పక్కన సక్కరె పొంగల్, పెరుగన్నం. పెద్దవాళ్ళకి కొండ మెట్లు కష్టమైతే కింద గుడి చూసి, కల్యాణి అనే కోనేరు దగ్గర కాసేపు కూర్చుని, తినేసి రావచ్చు. మండ్య నుంచి, మైసూరు నుంచి కూడా గంట, గంటంపావు ప్రయాణం. గొజ్జు సీసాల్లో అమ్ముతారు, కొనుక్కుంటే మంచిదే, నెలల తరబడి వాడుకోవచ్చు.

కర్ణాటక సాంబార్ తియ్యగా ఉంటుంది, మా నోటికి ఎక్కదు. కారం ఎక్కడ దొరుకుతుంది?

సాంబార్‌లో బెల్లం వేసేది ఉడుపి పద్ధతి హోటళ్ళు, బెంగళూరులో మనం రోజూ చూసేవి అవే కాబట్టి రాష్ట్రం మొత్తం అంతే అనుకుంటాం. మండ్య, హాసన్, కోలారు పల్లెల్లో ఇళ్ళల్లో చేసే సారులో తీపి ఉండదు, కొన్నిచోట్ల మన నోటికి కూడా గట్టిగానే తగుల్తుంది. ఆర్డర్ ఇచ్చేటప్పుడు "స్వల్ప ఖార జాస్తి హాకి" అనండి, కొంచెం కారం ఎక్కువ వేయండి అని, నవ్వుతూ చేసిస్తారు. ఒక రిక్వెస్ట్ మాత్రం. బ్యాగ్‌లోంచి ఆవకాయ సీసా తీసి ప్రతి ప్లేట్‌లో వేసుకోవద్దు, అలా తింటే ఎక్కడికి వెళ్ళినా ఆవకాయే తిన్నట్టు, ఆ ఊరి వంట రుచి తెలియకుండానే ట్రిప్ అయిపోతుంది.

మైసూరులో ఒక్క పూటే ఉంటాం, ఏం తినమంటారు?

పొద్దున పూట అయితే మైలారి దోసె, మెత్తగా, చిన్నగా, లోపల సాగు అనే కూరగాయల కూర, పైన వెన్న. మసాలా దోసె అయితే లోపల ఎర్ర వెల్లుల్లి చట్నీ పూసినది. సాయంత్రం అయితే దేవరాజ మార్కెట్‌లో ఓ రౌండ్ కొట్టి మైసూర్ పాక్ తినండి. నాల్గవ కృష్ణరాజ ఒడెయర్ ప్యాలెస్ వంటవాడు కాకాసుర మాదప్ప మొదట చేశాడని చెప్పుకుంటారు, ఆయన వారసుల షాపు సయ్యాజీరావ్ రోడ్డులో ఇప్పటికీ నడుస్తోంది. నెయ్యి ఓడుతూ మెత్తగా ఉండేది కాకుండా గుల్లగా, మధ్యలో కాస్త ఎర్రబారి, కొరికితే పొడిపొడిగా రాలే పాతరకం అడగండి, నా ఓటు దానికే. నంజనగూడు రసబాళె కనపడితే వదలొద్దు, ఆ అరటిపండుకి తెగులు తగిలి సాగు బాగా తగ్గిపోయింది. దసరా పది రోజుల్లో మాత్రం తిండి కోసం మైసూరు వెళ్ళకండి, పార్కింగ్‌కే పూట అయిపోతుంది.

కూర్గ్ వెళ్తున్నాం, మేము పంది తినం. అక్కడ తినడానికి ఇంకేమైనా ఉందా?

చాలా ఉంది. పంది కర్రీ తినేవాళ్ళు తప్పకుండా తినండి, దానికి ఆ నల్లటి రంగు, పులుపు కచంపులి వల్ల, అదొక రకం కాయ రసాన్ని మరగబెట్టి మరగబెట్టి చిక్కగా చేసిన వెనిగర్ లాంటిది, చింతపండు పులుపు వేరు, ఇది వేరు. తినని వాళ్ళకి కోడి కూర, కోడి వేపుడు కూడా అదే మసాలా, అదే కచంపులితో చేస్తారు, రుచి అందుతుంది. కూరకి జోడీగా అన్నం అడక్కండి, కడంబుట్టు అడగండి, బియ్యపు రవ్వ ఉండలు ఆవిరి మీద ఉడికించినవి. నూల్‌పుట్టు అంటే సేమ్యాలా ఒత్తిన ఇడియాప్పం రకం. పాపుట్టు పాలు, కొబ్బరి వేసి ప్లేట్‌లో ఆవిరి పెట్టింది, పిల్లలకి బాగా నచ్చుతుంది.

వెజ్ వాళ్ళకి వర్షాకాలం మంచిది, తెలుసా, అందరూ జోరువాన అని మానేసే టైమ్‌లోనే అక్కడ పుట్టగొడుగుల కూర, వెదురు చిగుళ్ళ కూర దొరికేది. వెదురు చిగుళ్ళు కోసిన వెంటనే వండరు, రెండు మూడు రోజులు నీళ్ళు మార్చి మార్చి నానబెడితేనే అందులో విషం, చేదు పోతుంది, అందుకే అలవాటున్న ఇంట్లో వండింది తినండి, రోడ్డు మీద పచ్చివి కొనుక్కొచ్చి ఇంట్లో ప్రయోగాలు చేయొద్దు. జులై మధ్య నుంచి ఆగస్టు మధ్య దాకా కక్కడ నెల, ఆ నెల 18వ రోజు, అంటే ఆగస్టు 3 ప్రాంతంలో, మద్ద్ తొప్పు అనే ఆకు రసంతో ఊదారంగు పాయసం చేస్తారు. ఎండాకాలం వెళ్తే అడవి మామిడికాయల కూర, తీపి, పులుపు, కారం మూడూ ఉంటాయి, చేత్తో టెంక చీకుతూ తినాలి.

వానల్లో ఘాట్ రోడ్లు విరిగిపడటం ఉంటుంది, బయల్దేరే ముందు హోమ్‌స్టే వాళ్ళకి ఫోన్ చేసి రోడ్డు ఎలా ఉందో కనుక్కోండి, వద్దంటే ఆగిపోండి.

హోమ్‌స్టేలో ఉంటే వాళ్ళు మనకి నార్త్ ఇండియన్ పెడుతున్నారు. ఊరి వంట ఎలా అడగాలి?

బుకింగ్ రోజే అడగాలి. టూరిస్టులకి చపాతీ, గోబీ మంచూరియన్, పనీర్ కావాలని వాళ్ళకి అలవాటైపోయింది, సిటీ నుంచి వచ్చినవాళ్ళు తమ ఇంటి వంట తినరేమో అని వాళ్ళకి మొహమాటం కూడా. "మీరు ఇంట్లో ఏం తింటారో మాకు అదే పెట్టండి" అని ఒక్క మాట ఫోన్‌లో చెప్తే చాలు, ఆ ఇంటావిడ ముఖం వెలిగిపోతుంది, నేను చూశాను. చిక్కమగళూరు, సకలేశపుర వైపు అయితే బియ్యప్పిండి అక్కి రొట్టి, కడుబు, చేమాకుల పత్రొడె, అప్పెమిడి ఊరగాయ అని పేర్లు పెట్టి అడగండి. అప్పెమిడి అంటే చిట్టి చిట్టి లేత మామిడి పిందెలు, తొడిమె దగ్గర తుంచితే వచ్చే వాసనకే ఆ ఊరగాయకి అంత పేరు. పత్రొడె మాత్రం వానాకాలంలోనే బాగుంటుంది, చేమాకు అప్పుడే లేతగా ఉంటుంది. కోడి కోయాలన్నా, పిండి నానాలన్నా టైమ్ కావాలి, సాయంత్రం ఆరింటికి దిగి ఎనిమిదింటికి పెట్టమంటే ఎవరైనా ఫ్రిజ్‌లో ఉన్నదే పెడతారు.

బెంగళూరులో ఉండి ఉండి మన తిండి తినాలనిపిస్తోంది, ఊరెళ్ళేంత సెలవు లేదు. దగ్గర్లో ఎక్కడుంది?

లేపాక్షి, హిందూపురం. బెంగళూరు నుంచి 120 కిలోమీటర్ల చిల్లర, బాగేపల్లి దాటి కొడికొండ చెక్‌పోస్ట్ దగ్గర ఎడమకి తిరిగితే సరి. నిజం చెప్పాలంటే బార్డర్ కూడా దాటక్కర్లేదు, చిక్కబళ్ళాపుర, బాగేపల్లి దగ్గర నుంచే హోటల్లో తెలుగు వినిపిస్తుంది, ఆ ప్రాంతంలో ఇళ్ళల్లో తెలుగు మాట్లాడేవాళ్ళు ఎప్పటినుంచో ఉన్నారు.

పొద్దున టిఫిన్‌కి ఉగ్గాని, బజ్జీ. బొరుగులు, అంటే మరమరాలు, నీళ్ళలో ఒక్కసారి ముంచి పిండేసి, ఉల్లిపాయ, పచ్చిమిర్చి, పసుపు తాలింపులో వేసి, పైన పుట్నాల పొడి చల్లి, పక్కన రెండు మిరపకాయ బజ్జీలు. కోస్తా వాళ్ళు చాలామంది అసలు దీన్ని చూసి ఉండరు, బొరుగులతో టిఫిన్ ఏంటి అంటారు, ఒక్కసారి ఆ మెత్తటి బొరుగుల్లో బజ్జీ తుంచి కలిపి నోట్లో పెట్టాక ఇంక ఇడ్లీ అడగరు. ఎనిమిది నుంచి పది లోపల తినాలి, నానిన బొరుగులు ఆరితే చప్పబడిపోతాయి. మధ్యాహ్నం సంగటి, నాటుకోడి పులుసు, శెనక్కాయల ఊరిబిండి, వెజ్ అయితే సంగటిలోకి గోంగూర గానీ వంకాయ పులుసుకూర గానీ. ఉమ్మడి అనంతపురం జిల్లా శెనక్కాయల జిల్లా, అందుకే చట్నీ, పొడి, కూర ఏది చూసినా అందులో అవి ఉంటాయి. ఓళిగలు, అంటే బొబ్బట్లు, కనపడితే నెయ్యి వేయించుకుని తినండి.

మధ్యలో లేపాక్షి వీరభద్రస్వామి గుడి, 16వ శతాబ్దం విజయనగర రాజుల కాలం నాటి పైకప్పు చిత్రాలు, బయట ఆ ఏకరాతి బసవన్న. గుడి పొద్దున చూసుకుని మధ్యాహ్నం సంగటి తిని నీడలో కాసేపు కూర్చుని బయల్దేరితే ఇది ఒక్క రోజు ట్రిప్పే.

తిరుపతి వెళ్తూ దారిలో ఏమైనా తినొచ్చా?

ముళబాగిలు దోసె. ఎన్‌హెచ్ 75 మీద కోలారు దాటాక, బెంగళూరు నుంచి వంద కిలోమీటర్ల లోపే. మందంగా, నెయ్యి, వెన్న బాగా వేసి, అడుగు ఎర్రగా కరకరలాడేట్టు, లోపల ఆలుగడ్డ, ఎర్ర చట్నీ. పొద్దున ఐదింటికి బయల్దేరితే ఏడుకి అక్కడుంటారు, టిఫిన్‌కి కరెక్ట్ టైమ్. కొంతమంది హొసకోటెలో తెల్లవారుజామునే దమ్ బిర్యానీకి క్యూ కడతారు, ఆదివారం చీకటి ఉండగానే జనం, దర్శనానికి వెళ్ళేవాళ్ళు దాన్ని వచ్చేటప్పటికి వదిలేయండి. మే, జూన్‌లో అయితే శ్రీనివాసపుర వైపు తిరగండి, రోడ్డు పక్కన మామిడిపండ్ల బుట్టలే బుట్టలు, రసపూరి, బాదామి, మల్లిక. మదనపల్లి మీదుగా వెళ్తే టమాటా మార్కెట్ చూడొచ్చు, దేశంలో పెద్ద టమాటా మార్కెట్లలో అదొకటి, పొద్దున్నే లారీలు లోడ్ అవుతుంటాయి.

ఏ నెలలో ఏ వైపు వెళ్ళాలి?

డిసెంబర్, జనవరి అయితే ఇంకేం ఆలోచించొద్దు, అవరెకాయల కాలం. మన అనపకాయలే, చిత్తూరు వాళ్ళు పితికిపప్పు అంటారే అదే. మాగడి వైపు కాయలకి పేరు ఎక్కువ, గింజ నానబెట్టి తొక్క పితికేసి సారు చేస్తారు, ముద్దలోకి గానీ అక్కి రొట్టిలోకి గానీ దానికి సాటి లేదు, ఏడాదిలో రెండు మూడు నెలలే కాబట్టి మిగతా ప్లాన్లు పక్కన పెట్టి మరీ వెళ్ళాలి. కాఫీ కోత నవంబర్ నుంచి ఫిబ్రవరి దాకా, ఎర్రటి పళ్ళు కోసి పుల్ప్ చేసి ఆరబెట్టడం చూడొచ్చు, మార్చి, ఏప్రిల్‌లో మొదటి వాన పడ్డాక తోటంతా తెల్లటి పూలు, మల్లె వాసన, నాలుగైదు రోజులే ఉంటాయి. మామిడికి ఎండాకాలం కోలారు. వానాకాలం మలెనాడు, అంటే సకలేశపుర, చిక్కమగళూరు వైపు కొండ ప్రాంతం, ఇంకా కూర్గ్.

డ్రైవ్ చేసేవాళ్ళు ఇంత తింటే నిద్ర రాదా?

వస్తుంది, తప్పకుండా వస్తుంది, ముద్ద, కోడి సారు తిని వెంటనే స్టీరింగ్ పట్టుకోవడం ప్రమాదం. అందుకే నా లెక్కలో మధ్యాహ్నం భోజనం తర్వాత ఒక గంట ప్రయాణం ఉండదు, గుడి మంటపంలోనో చెరువు గట్టునో చెట్టు కిందో ఆగాలి, లేకపోతే ఉదయం డ్రైవ్ చేసినవాళ్ళు మధ్యాహ్నం పక్క సీట్‌కి మారాలి. ఒక్కరే డ్రైవరు అయితే ఆ మనిషి పొద్దున టిఫిన్ బాగా తిని మధ్యాహ్నం తక్కువ తినాలి, మిగతావాళ్ళు బలవంతం చేయకూడదు. తిండి ప్రతి స్టాప్‌లో సగం ప్లేట్‌తో ఆపేస్తే రోజుకి నాలుగైదు రకాలు రుచి చూడొచ్చు, నలుగురు ఉంటే రెండు ప్లేట్లు తెప్పించి పంచుకోండి, హోటల్ వాళ్ళేమీ అనుకోరు. ఘాట్ రోడ్డు ఎక్కే ముందు పిల్లలకి నూనె వస్తువులు వద్దు, ఉత్త ఇడ్లీ లేదా పెరుగన్నం.

చిన్న హోటల్లో శుభ్రత ఎలా ఉంటుందో, పిల్లలకి పడుతుందా?

జనం ఎక్కువ, మెనూ చిన్నది, ఈ రెండూ ఉంటే ధైర్యంగా తినండి. నాలుగు వంటలే చేసే చోట ఏదీ నిన్నటిది ఉండదు. లారీ డ్రైవర్లతో పాటు ఆ ఊరి ఫ్యామిలీలు కూడా కూర్చుని ఉంటే ఇంకా మంచిది. నీళ్ళు ఇంటి నుంచి పెద్ద క్యాన్ తెచ్చుకోండి, లేదా వేడినీళ్ళు అడగండి, "బిసి నీరు" అంటే ఎక్కడైనా ఇస్తారు. పచ్చి ఉల్లి, కోసిన పళ్ళు, చల్లటి మజ్జిగ పిల్లలకి కొత్త ఊళ్ళో మొదటి రోజే పెట్టకండి.

ఫోన్‌లో రేటింగ్ చూసి హోటల్ ఎంచుకోవచ్చా?

టైమింగ్స్ కోసం చూడండి, రుచి కోసం వద్దు. ఊళ్ళో మంచి హోటళ్ళు చాలావాటికి రివ్యూలే ఉండవు. పెట్రోల్ బంక్‌లో, పూల కొట్టు దగ్గర, గుడి బయట "ఇల్లి ఊటక్కె ఎల్లి చెన్నాగిరుత్తె?", అంటే ఇక్కడ భోజనం ఎక్కడ బాగుంటుంది, అని అడగండి, ఇద్దరు ఒకే పేరు చెప్తే అక్కడికే పోండి. చాలా చోట్ల తెలుగులో అడిగినా అర్థం చేసుకుంటారు, అయినా కన్నడలో అడిగితే వాళ్ళు ఇంకో రెండు మాటలు ఎక్కువే చెప్తారు.

ఏం కొనుక్కుని రావచ్చు?

మండ్య వైపు బెల్లం. ఆలెమనె అంటారు, చెరుకు గానుగ ఆడి పెద్ద పెనంలో రసం కాచే చోటు, చెరుకు పిప్పే పొయ్యిలో మంట. లోపలికి రమ్మని వేడి పాకం చేతిలో పెడతారు. పసుపుగా, మెరుస్తూ ఉన్న బెల్లం కొనకండి, ఆ రంగు కోసం హైడ్రోస్ అనే రసాయనం కలుపుతారు. ముదురు గోధుమ రంగులో, కాస్త నల్లగా ఉన్నదే తీసుకోండి, పరమాన్నంలో తేడా తెలుస్తుంది.

కాఫీ పొడి అయితే చికోరీ ఎంత కలిపారో అడిగి మరీ కొనండి, ఫిల్టర్‌కి అని చెప్తే దానికి తగ్గట్టు పట్టిస్తారు. కూర్గ్, చిక్కమగళూరు, బాబాబుడన్‌గిరి అరబికాలకి మన అరకు అరబికాతో పాటే 2019లో జీఐ గుర్తింపు, అంటే ఆ ప్రాంతానికే చెందిన సరుకు అనే ముద్ర, వచ్చింది, మూడూ వంద గ్రాముల చొప్పున తెచ్చుకుని ఇంట్లో పక్కపక్కన పెట్టి తాగి చూడండి. కూర్గ్ నుంచి కచంపులి ఒక చిన్న సీసా, చేపల పులుసులో నాలుగు చుక్కలు వేసినా చాలు. మిరియాలు కూడా అక్కడే, తోటలోంచి తెచ్చిన కొత్తవి.

ఆదివారం వెనక్కి వచ్చేటప్పుడు ట్రాఫిక్‌లో రాత్రి భోజనం ఎక్కడ?

మైసూరు వైపు నుంచి వస్తే సాయంత్రం ఐదు నుంచి తొమ్మిది దాకా కెంగేరి దగ్గర నరకం. నాలుగింటికల్లా సిటీలో దిగిపోండి, లేదంటే మద్దూరులోనో రామనగరలోనో ఎనిమిదింటికి తాపీగా తినేసి తొమ్మిది తర్వాత కదలండి, పదిన్నరకి ఇంట్లో ఉంటారు. బందీపుర అడవిలోంచి ఊటీ, వయనాడ్ వెళ్ళి వచ్చేవాళ్ళు గుర్తుపెట్టుకోండి, రాత్రి తొమ్మిది నుంచి పొద్దున ఆరు దాకా ఆ గేట్లు మూసేస్తారు. ఎనిమిదిన్నరకి గేట్ దాటేట్టు చూసుకుని గుండ్లుపేటెలో తినండి, ఊళ్ళో హోటళ్ళు పదింటికల్లా కట్టేస్తాయి.